నీటిరంగుల వెంట వచ్చు ఈజిల్

చిత్రలేఖన సామగ్రి అమ్ము దుకాణములలో ఈజిల్ అను పేర మనకు చూపబడు నిలువుచట్రములు చాలవఱకు తైలవర్ణచిత్రముల కొఱకు పుట్టినవి. నూనెలో నూఱిన రంగు చిక్కనిది, స్థిరమైనది. కుంచె దానిని ఎచ్చట నిలిపిన అచ్చటనే నిలుచును. అందుచేత కాన్వాసును నిట్టనిలువుగా నిలిపినను తైలచిత్రకారునికి చిక్కేమియు లేదు. నీటిరంగు స్వభావము వేఱు. అది పలుచనిది, చంచలమైనది, ఎల్లప్పుడును పల్లమును వెదకికొనునది. కాగితము ఎంత వాలియున్నదో అంత వేగముగను, ఏ దిక్కునకు వాలియున్నదో ఆ దిక్కునకును ప్రవహించి, చిత్రకారుని సంకల్పమునకు కొంత తోడ్పడియు, కొంత ఎదురు తిరిగియు, తుదకు తన తడి ఆఱిన చోట గుఱుతు విడిచి శాంతించును. ఈ ప్రవాహమును చేతిలో ఉంచుకొనుటయే ఈ విద్యలో సగము పాలు. మఱి ఆ ప్రవాహమును శాసించునది కుంచె యొక్కటియే కాదు, కాగితమునకు అడుగున నున్న పలకయు, ఆ పలకను మోయు ఆసరాయు కూడ. కనుక ఆరుబయటికి పోయి నీటిరంగులతో చిత్రింపదలచినవారు ఈజిలును గూర్చి ఆలోచించునపుడు కొయ్య దగ్గఱనుండి కాక నీటి దగ్గఱనుండి ఆలోచన ప్రారంభింపవలెననునదియే ఈ వ్యాసమున నేను చెప్పదలచిన ప్రధాన విషయము.

ఆకాశమును చిత్రించు విధమును గమనింపుడు. నిండుగా రంగు పీల్చిన వెడల్పు కుంచెను కాగితపు పైయంచున ఒక కొననుండి మఱియొక కొనకు అడ్డముగా లాగినపుడు, పలక పది పదునైదు డిగ్రీల వాలులో నున్నచో, ఆ గీత దిగువ అంచున రంగునీరు సన్నని కట్టగా నిలుచును. తరువాతి గీత ఆ కట్టను అందుకొని మఱికొంత క్రిందికి తెచ్చును. ఇట్లు గీత వెంట గీతగా, ఒక్కొక్కమాఱు కొంచెము నీరు అధికముగా కలుపుచు దిగివచ్చినచో, పైన గాఢమైన నీలము దిగంతము చేరునప్పటికి పలుచనై, గీతకును గీతకును నడుమ అతుకు కానరాని పూత సిద్ధించును. పలక పూర్తిగా సమతలముగా నున్నచో ఆ కట్ట ఏర్పడదు. నీరు నడుమ నడుమ మడుగులు కట్టి, ఆఱుచున్న చోటులలోనికి వెనుకకు పాకి, ముక్కలు ముక్కలైన అంచులుగల మరకలను మిగుల్చును. పలక మిక్కిలి నిలువైనచో కట్ట తెగి రంగు చారలుగా కాఱిపోవును.

అయినను వాలు ఒక్కటియే శరణమని భావింపరాదు. పొగమంచులోని కొండలను, తడి మబ్బులను వ్రాయునపుడు కాగితమును ముందుగా తడిపి, ఆ తడిమీదనే రంగును విడిచి, అది తనంత తాను వ్యాపించునట్లు చేయుదురు; అప్పుడు పలక దాదాపు సమతలముగా నుండవలెను, లేనియెడల కొండయంతయు జాఱి ఏటిలో కలియును. అల్ట్రామరైన్ నీలమువంటి రేణుప్రధానములైన రంగులు కాగితపు గరుకు పల్లములలోనికి దిగి అందమైన నలుసుపోతను కల్పించునదియు ఆ చదునులోనే. మఱల తాటిమ్రాని బోదెను, ఎండిన ఇసుకతిన్నెను పొడికుంచెతో తాకి విడుచునపుడు పలక నలువదియైదు డిగ్రీల నిలువులో నుండిన చేయి స్వేచ్ఛగా ఆడును. ఇట్లు ఒక్క చిత్రము పూర్తియగునంతలో పలక వాలు మూడు నాలుగు మాఱులు మాఱవలసివచ్చును; ఆ మార్పు రంగు తడి ఆఱకముందే, కుంచె పట్టిన చేయి కదలకుండ, రెండవ చేతితో క్షణములో జరుగవలెను. నీటిరంగుల ఈజిలునకు ఇదియే మొదటి పరీక్ష. అంగడిలోని నిలువుచట్రములు చాలవఱకు ఈ పరీక్షలో నెగ్గవు.

బయలున కూర్చుండి చిత్రించుట సుకరమైనది రంగులు ప్రయాణమునకు యోగ్యములైన తరువాతనే. అంతకుముందు రంగుపొడులను నూఱి జిగురు కలుపుకొను శ్రమ చిత్రకారునిదే. లండనులో విలియం రీవ్స్, థామస్ రీవ్స్ అను సోదరులు నీటిరంగులను చిన్న బిళ్ళలుగా చేసి అమ్మి, అందులకై 1781లో అచ్చటి కళాసంఘమువారి పురస్కారమును పొందిరి. 1786లో కలకత్తా చేరిన థామస్ డానియెల్, అతని సోదరుని కుమారుడైన విలియం డానియెల్, మన దేశమున ఉత్తరమునుండి దక్షిణము వఱకు తిరిగి గీసికొనిపోయిన దృశ్యములు 1795 మొదలు 1808 వఱకు ‘ఓరియంటల్ సీనరీ’ అను పేర 144 ముద్రితచిత్రములుగా వెలువడినవి. 1841లో జాన్ గాఫ్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు నొక్కిన కొలది రంగును వెలికిచ్చు తగరపు గొట్టమునకు పేటెంటు పొందెను. ఆ గొట్టము తైలచిత్రకారులను కూడ గది విడిచి పొలముగట్టుమీదికి నడపించెను.

మన తెలుగునాట ఈ బయటి చిత్రలేఖనమునకు రాజమహేంద్రవరమే పుట్టినిల్లని నా నమ్మకము. అచ్చటి ప్రభుత్వ కళాశాలకు 1909 మొదలుకొని ఒక దశాబ్ది కాలము అధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయముగా నీటిరంగుల చిత్రకారుడు. దామెర్ల రామారావును, అడివి బాపిరాజును చిత్రకళవైపు మరలించి ప్రోత్సహించిన సహృదయుడు. రామారావు గోదావరిని, ఆ తీరపు ప్రకృతిని నీటిరంగులలో నిలిపి, ఇరువదియెనిమిది సంవత్సరములైన నిండకుండగనే 1925లో మరణించెను. రాజమహేంద్రవరమున అతని పేర వెలసిన చిత్రశాలను చూచి బయటికి వచ్చి, నాలుగడుగులు నడచి ఏటిగట్టున నిలుచున్నవారికి, ఆ నీటి వెలుగును గదిలో కూర్చుండి ఊహించి వ్రాయుట సాధ్యముకాదని తెలిసిపోవును.

మోకాళ్ళమీద పలకనుంచుకొని చిత్రించుట అనాదిగా నున్న పద్ధతి. చిన్న పుస్తకమునకు అది చాలును. కాని కాగితము కొంత పెద్దదైనచో శరీరపు ప్రతి కదలికయు పలకను కదిపి పూతను చెఱచును, తన నీడ తన చిత్రముమీదనే పడును, లేచి నాలుగడుగులు వెనుకకు పోయి చిత్రమును దూరమునుండి చూచుకొను అవకాశము ఉండదు. ఈ మూడవ లోపమును నేను అన్నిటికంటె పెద్దదిగా ఎంచుదును; ఏలయన నీటిరంగుల చిత్రములో ఎచ్చట ఆపవలెనో తెలియుట దూరమునుండియే సాధ్యము.

ఇక నిర్మాణము. మొదట నిశ్చయింపవలసినది కాగితపు పరిమాణము. నీటిరంగుల కాగితము ‘ఇంపీరియల్’ అను పూర్తి తావుగా 22 అంగుళముల వెడల్పున, 30 అంగుళముల పొడవున దొరకును. దానిని నాలుగు భాగములు చేసినచో ఒక్కొక్కటి 11 అంగుళములు, 15 అంగుళములు. అనగా సుమారు 28 సెంటీమీటర్లు, 38 సెంటీమీటర్లు. ఆరుబయట వెలుగు మాఱిపోకముందు ముగింపదగిన చిత్రమునకు ఈ పావుతావు మిక్కిలి అనుకూలమైన కొలత. పెద్ద కాగితము తెచ్చుకొన్నవారు ఎండ తిరిగిపోయినదని విలపించుట తఱచు చూతుము. కాగితము చదరపు మీటరునకు 300 గ్రాముల బరువుదైనచో తడిసినపుడు అంతగా ఉబ్బదు. అంతకన్న పలుచనిదైనచో నాలుగంచులను టేపుతో పలకకు గట్టిగా బంధింపవలెను. ఆ టేపునకు చుట్టును ఒక్కొక్క సెంటీమీటరు విడిచినచో మన పలక 30 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు కావలెను.

పలకకు ప్లైవుడ్డును మించినది లేదు. సన్నని కొయ్యరేకులను ఒకదాని నార నిలువుగా, తరువాతిదాని నార అడ్డముగా ఉండునట్లు బేసి సంఖ్యలో అతికించుటచేత, ఒక పొర తడికి సాగబోయినను ప్రక్క పొర దానిని సాగనీయదు. అందువలన ఒంటి చెక్క వంకరపోవు చోట ప్లైవుడ్డు చదునుగా నిలుచును. అయితే గృహోపకరణములకు వాడు సాధారణ రకము తడికి పొరలు విడిపోవును. మన పలకపై నీరు కారని దినముండదు కనుక, బీడబ్ల్యూఆర్ అని గాని బీడబ్ల్యూపీ అని గాని ముద్రపడిన, మఱుగునీటికి తట్టుకొను జిగురుతో చేసిన రకమునే అడిగి తీసికొనవలెను. ఆఱు మిల్లీమీటర్ల మందము చాలును. ఈ కొలత పలక బరువు అరకిలో లోపలనే యుండును. కొండపల్లి బొమ్మలు చేయు తెల్లపొణికి ఇంతకన్న తేలికయని కొందఱకు తోచవచ్చును గాని, ఆ మెత్తని కొయ్యలో స్క్రూ పట్టు నిలువదు. పలక రెండు ముఖములకును, నాలుగు అంచులకును సమానముగా వార్నిష్ పూయవలెను. ఒక ముఖమునకే పూసినచో రెండవ ముఖము తేమ పీల్చి పలక విల్లుగా వంగును. అంచులను మఱచువారే అధికము; ప్లైవుడ్డు నీరు త్రాగునది ప్రధానముగా అంచులనుండియే.

పలక క్రింద దానిని మోయు చిన్న పీఠము ఒకటి యుండవలెను. దీనికి తొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్డు. ముందునుండి వెనుకకు 20 సెంటీమీటర్లు, వెడల్పు 15 సెంటీమీటర్లు. పీఠపు ముందు అంచున రెండంగుళముల ఇత్తడి మడతబందులు రెండు బిగించి, వానిమీద పలకను అమర్చవలెను. ఇచ్చట ఒక సూక్ష్మము గలదు. బందులను పలక దిగువ అంచునకే బిగించినచో, పలక చదునుగా నున్నపుడు దాని బరువంతయు పీఠమునకు వెనుక భాగమున పడి ఈజిల్ వెనుకకు తూలును. బందుల వరుసను పలక దిగువ అంచునుండి అయిదు సెంటీమీటర్లు లోపలికి జరిపినచో, పలక మధ్యబిందువు సరిగా పీఠపు మధ్యబిందువుమీదికి వచ్చును. పలకను ముప్పది డిగ్రీలు లేపినను ఆ బరువు మధ్యమునుండి రెండు సెంటీమీటర్లైన తొలగదు. ముక్కాలిమీద నిలుచు వస్తువునకు ఈ సమతూకమే ప్రాణము.

ఆఱు మిల్లీమీటర్ల పలకలో స్క్రూలు పట్టవు, పట్టినను మొన పైకి పొడుచుకొనివచ్చి కాగితమును చీల్చును. అందుచేత బందులు వచ్చుచోట పలక అడుగున మూడు సెంటీమీటర్ల వెడల్పు, పండ్రెండు మిల్లీమీటర్ల మందము గల టేకు పట్టీని వడ్రంగి జిగురుతో అతికించి, ఒక రాత్రియంతయు బరువు క్రింద ఉంచి, ఆ పట్టీలోనికే స్క్రూలను దింపవలెను. అట్టిదే మఱియొక పట్టీని దానికి సమాంతరముగా వెనుకవైపున అతికించినచో, పలక పీఠముమీద చదునుగా కూర్చుండును. పలక వంగకుండ ఈ రెండు పట్టీలును వెన్నెముకలై నిలుచును.

వాలును మార్చుటకు పలువురు పలువిధముల ఇరుసులను, జారుడు కమ్ములను, మఱలను కల్పించినారు. నాకు మాత్రము మన ఇండ్ల అరుగులమీది పడకకుర్చీలోని ఉపాయము కన్న మేలైనది కానరాలేదు: వెనుకనున్న అడ్డుకఱ్ఱను ఒక గాడినుండి ఎత్తి మఱియొక గాడిలో వేసినంతనే కుర్చీ వాలు మాఱును, తుప్పుపట్టునది గాని, అరుగునది గాని, సడలునది గాని అందులో ఏదియు లేదు. మన ఈజిలునకును అట్లే చేయుదము. తొమ్మిది సెంటీమీటర్ల పొడవుగల చిన్న ఊతచెక్కను, బందుల వరుసనుండి పది సెంటీమీటర్ల దూరమున, పలక అడుగున మఱియొక చిన్న పట్టీకి బందుతో వ్రేలాడగట్టవలెను. దాని పాదము నిలుచుటకు పీఠముపై అడ్డముగా గాళ్ళు తీయవలెను. లెక్కప్రకారము, పీఠపు ముందంచునుండి సుమారు 18.7 సెంటీమీటర్లకడ తీసిన గాడి పది డిగ్రీలను, 17.7 కడ తీసినది ఇరువదిని, 16 కడ తీసినది ముప్పదిని, 12.6 కడ తీసినది నలువదియైదును ఇచ్చును. కాని పట్టీల మందము, బందుల లావు ఈ లెక్కను కొంచెము మార్చును; కనుక పిల్లల జామెట్రీ పెట్టెలోని ప్రొట్రాక్టరును ప్రక్కన నిలిపి, పలకను కావలసిన కోణమున పట్టి, ఊత పాదము ఎచ్చట తాకునో అచ్చట గీతపెట్టి, ఆ గీతమీద రంపముతో మూడు మిల్లీమీటర్ల లోతున కోసి, ఉలితో శుభ్రపఱచుట ఉత్తమము. ఊతను మడిచివేసినచో పలక సమతలము. తుదకు పలక వెనుక అంచునకును పీఠమునకును నడుమ ఒక సాగుత్రాడును కట్టవలెను. లేనియెడల ఎదురుగాలి పలక అడుగున దూరి, ఊతను విడిపించి, తడి చిత్రమును చిత్రకారుని ముఖమునకేసి కొట్టును.

ఇక కాళ్ళు. భూమి ఎంత మిట్టపల్లములుగా నున్నను మూడు బిందువులు ఎల్లప్పుడును ఒకే తలమున నుండును కనుక, మూడు కాళ్ళపై నిలిచినది ఊగదు. నాలుగవ కాలు చేరినంతనే ఏదో ఒకటి గాలిలో తేలును. అందుచేత ముక్కాలియే శ్రేయస్కరము. చేతిపనిలో నేర్పు గలవారు టేకు కమ్ములతోనో వెదురుతోనో మూడు కాళ్ళను చేసికొనవచ్చును; ఆ కాళ్ళు మితిమీఱి విచ్చుకొనకుండ వాని నడుమ సమానమైన పొడవుగల త్రాళ్ళను కట్టుట మఱవరాదు. కాని కెమెరాలను నిలుపు పాత ట్రైపాడ్ ఒకటి దొరకినచో అంత శ్రమ అక్కఱలేదు. ఏ దేశపు ట్రైపాడ్ అయినను, ఏ సంస్థ చేసినదైనను, సాధారణముగా దాని తలమీది స్క్రూ పావంగుళపు లావు, అంగుళమునకు 20 చుట్ల మఱ గలదై యుండును. మన ఊరి ఇనుపసామానుల దుకాణములలో విట్వర్త్ మఱ అని అమ్ము పావంగుళపు నట్టునకును అంగుళమునకు 20 చుట్లే కనుక అదియు దానికి సరిపోవును.

పీఠమునకు నట్టును బిగించు విధమును కొంచెము వివరింపవలెను, ఏలయన ఈజిల్ అంతయు ఈ ఒక్క నట్టుమీదనే ఆధారపడియున్నది. పండ్లుగల టీనట్టు అను రకము తీసికొని, పీఠపు సరిమధ్యమున రంధ్రము చేసి, దానిని పైవైపునుండి సుత్తితో దింపవలెను. క్రిందినుండి ట్రైపాడ్ స్క్రూ ఎంత బిగిసిన, నట్టు పండ్లు అంత లోతుగా కొయ్యలోనికి దిగును. క్రిందినుండి దింపిన నట్టు మొదటి బిగింపునకే ఊడి చేతికి వచ్చును. ట్రైపాడ్ స్క్రూ తలమీద సుమారు అర సెంటీమీటరు మాత్రమే పైకి వచ్చును; కావున పీఠపు మందమును నట్టు గొట్టపు పొడవును ఇంచుమించు సమానముగా నుండవలెను. ట్రైపాడ్ తలను వాల్చియే పలకను వాల్చవచ్చును గదా, ఈ బందులును గాళ్ళును ఎందులకని అడుగువారుందురు. చవుక ట్రైపాడ్ తల పలక బరువునకు మెల్లగా జాఱును; ఆ జాఱుట ఆకాశపు పూత నడుమ జరిగిన దానికి ప్రాయశ్చిత్తము లేదు. తలను సమతలముగా బిగించి విడిచిపెట్టి, వాలు పనిని గాళ్ళకు అప్పగింపవలెను. సమతలమగునో కాదో తెలిసికొనుటకు పలకమీద ఒక నీటిబొట్టు విడిచి చూచిన చాలును.

రంగుల పెట్టెకు, నీళ్ళకు తావు కావలెను గదా. దానిని పలకకు తగిలింపరాదు. పలక వాలినపుడు నీళ్ళును వాలును. పీఠపు అడుగున ఎల్ ఆకారపు అల్యూమినియము కమ్ములు రెంటిని బోల్టులతో, రెక్కనట్టులతో బిగించి, అవి కుడిచేతి వైపునకు పలకను దాటి వచ్చునట్లు చేసి, వానిమీద పదునెనిమిది సెంటీమీటర్ల వెడల్పు, ఇరువదియైదు సెంటీమీటర్ల పొడవు గల చిన్న పళ్ళెపుచెక్కను అమర్చినచో, పలక ఎటు వాలినను నీళ్ళు నిశ్చలముగా నుండును. ఎడమచేతి వాటము గలవారు ఎడమకు త్రిప్పుకొందురు. పళ్ళెపుచెక్కలో ఒక గుండ్రని రంధ్రము కోసి, మూత బిగువైన స్టీలు డబ్బా అందులో సగము దిగునట్లు చేసినచో అది తగిలినను ఒరగదు. కుంచె కడుగుటకు ఒకటి, శుభ్రమైన నీటికి ఒకటి, ఇట్లు రెండు డబ్బాలుండుట మేలు. పళ్ళెము ఏ వైపున నున్నదో సరిగా ఆ వైపుననే ముక్కాలి కాలు ఒకటి చాచియుండవలెను.

బయటికి పోయిన తరువాత మన ప్రధాన శత్రువు గాలి. గంటకు 20 కిలోమీటర్ల గాలి నిట్టనిలువుగా నున్న ఈ పలకపై పావుకిలోకు పైచిలుకు బలముతో త్రోయును. ఆ మాత్రమునకు రెండున్నర కిలోల ఈజిల్ నిలుచును. గాలి వేగము రెట్టింపైనచో త్రోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. అప్పుడు బరువు వ్రేలాడగట్టని ఈజిల్ తప్పక పడును. ట్రైపాడ్ నడిమి కాడకు ఒక గుడ్డసంచిని కట్టి, అచ్చటి రాళ్ళనే అందులో నింపి, అది నేలకు జానెడు ఎత్తున వ్రేలాడునట్లు చేయవలెను. గాలి ఇంకను హెచ్చినచో పలకను చదునుగా దించి పనిచేయవలెను. భీమునిపట్నము ఇసుకలో గాని, వేసవి గోదావరి తిన్నెలపై గాని కాళ్ళు దిగబడుచుండును. చెక్కబిళ్ళలను గాని కొబ్బరిచిప్పలను గాని పాదముల క్రింద ఉంచినచో ఆ బాధ తీఱును.

ఎండ రెండవ శత్రువు. తెల్లని కాగితముమీద నేరుగా ఎండపడినచో కన్ను చెదరి, రంగులు ఉన్నదానికన్న ఉజ్జ్వలముగా కనబడును. వ్రాయువాడు తెలియకయే గాఢముగా వ్రాయును. ఇంటికి తెచ్చి చూచునప్పటికి చిత్రము నల్లబడి యుండును. కావున కాగితము నీడలో నుండునట్లు ఈజిలును త్రిప్పుకొనవలెను, వీలుకానిచో గొడుగు పట్టవలెను. ఎఱ్ఱగొడుగు కాగితముమీద ఎఱ్ఱని ఛాయను, పచ్చగొడుగు పచ్చని ఛాయను పోసి రంగుల తీర్పును పాడుచేయును. మన తాతలనాటి నల్లగొడుగే ఇందులకు సర్వోత్తమము. దానిని ఈజిలునకు మాత్రము కట్టరాదు. గాలికి గొడుగు తెరచాపయై ముక్కాలిని ఎత్తివేయును. వేఱొక కఱ్ఱను నేలలో పాతి దానికి కట్టవలెను. మండువేసవిలో పూత సగము సాగకముందే ఆఱిపోవును. అట్టి దినములలో కాగితమును రెండు వైపుల తడిపి, వార్నిష్ పూసిన పలకమీద పఱచి, చదునుగా నుంచి పనిచేసినచో కొంతసేపు తడి నిలుచును. పలక రెండు ముఖములకు వార్నిష్ పూయుమనుటకు ఇదియును ఒక కారణమే.

ఇట్లు చేసిన పలక, పీఠము, పళ్ళెము అన్నియు కలిపి కిలోకు అటునిటుగా తూగును. ట్రైపాడ్ ఒకటిన్నర కిలో. పెట్టెయు కాళ్ళును ఒకటిగా నుండు ఫ్రెంచి పద్ధతి ఈజిల్ ఒంటిగనే అయిదాఱు కిలోలు తూగునని తెలిసినవారు ఈ వ్యత్యాసమును గ్రహింపగలరు. బస్సులో ఒడిలో పెట్టుకొనదగినది, సైకిలు వెనుక కట్టుకొనదగినది, గట్టు దిగి పడవ ఎక్కునపుడు ఒక చేత పట్టుకొనదగినది ఏదియో అదియే నిజముగా బయటికి వచ్చును. బరువైనది ఎంత సొగసైనదైనను మూలన నిలిచి దుమ్ము పట్టును.

దీనికి కావలసిన పనిముట్లు రంపము, ఉలి, బర్మా, చిత్రిక, ఉప్పుకాగితము మాత్రమే. చేతికి ఆ పని అలవాటులేనివారు ఈ కొలతలను కాగితముమీద గీసి ఇచ్చినచో మీ ఊరి వడ్రంగి ఒక్క పూటలో చేసియిచ్చును. పాఠశాలలలో చిత్రలేఖనము నేర్పు ఉపాధ్యాయులకు నా విన్నపము ఒకటి గలదు. చేతిపని నేర్పు తరగతియున్న చోట పిల్లలచేతనే ఇట్టివి నాలుగైదు చేయింపుడు. తమ చేతితో చిత్రికపట్టిన పలకమీద వ్రాయుటకు వారు చూపు ఉత్సాహము మీరే కన్నులార చూతురు. కార్తికమునుండి మాఘము వఱకు మన ప్రాంతమున ఎండ మెత్తన, గాలి సన్నన, ఉదయపు మంచు ఏటిమీద చాలసేపు నిలుచును. నీటిరంగులకు అంతకన్న అనువైన కాలము లేదు. వానలు వెలియకముందే కొయ్య తెప్పించి పని ఆరంభించినచో, ఆ ఋతువు వచ్చునప్పటికి మీ ఈజిల్ సిద్ధముగా నుండును.